ఇరవై ఒకటో ఆల్చిప్ప

డెవరాన్ దిగువన, నీరు తీసిన పాయలో
మోకాలి బూట్లతో దిగి
డెంజిల్ పెంగెల్లీ నాకోసం ఆల్చిప్పలు ఏరుతున్నాడు.
ఇరవై చాలన్నాను.
లెక్క అతనికి నచ్చని పని. సంచి ఎత్తి బరువు చూసి
"ఉంటాయిలే" అన్నాడు.

కార్న్‌వాల్ వాన మాటా మంతీ లేకుండా మొదలైంది.
మా వైపు చెబుతారు,
స్వాతి చినుకు చిప్పలో పడితే ముత్యమని.
ఇక్కడి చినుకు ముందు కొండలోకి దిగుతుంది,
మూతబడ్డ తగరపు గనుల్లో
తాతలు తవ్విన గుంతలన్నీ తడుముకుని
జేబునిండా రాగీ జింకూ వేసుకుని
నారింజ రంగులో బయటికొస్తుంది.
చిప్ప దాన్నీ తాగుతుంది.
కాదనడానికి దానికి మరో ఏరు లేదు.

సీసాలో పట్టిన నీళ్లు
పట్టిన నిమిషం సంగతే చెబుతాయి.
మంగళవారం పొద్దున అంతా బాగుందంటాయి,
సోమవారం రాత్రి ఏం జరిగిందంటే
మాకేం తెలుసంటాయి.
సోమవారం రాత్రి చిప్ప అక్కడే ఉంది.

కానీ దాన్ని అడగాలంటే కొయ్యాలి.
చాకు మొన సందులో దూర్చి, మణికట్టు తిప్పి
మొప్పలోంచి గోరంత ముక్క,
పొగలు కక్కే చలిలో పడేసి, నూరి.
కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని
నోరు మూసుకుని బతికే జీవి ఇది.
దాని కడుపు నేను చించి
ఎవరి కాళ్ల మీదా పడకుండా గొట్టంలో పట్టుకుంటాను.
ఆ వార్త ఎంత పల్చనిదంటే
నా వేలి తడి తగిలినా చెరిగిపోతుంది.
అందుకే రెండు జతల తొడుగులు,
అందుకే ఆ పూట ఎవరితోనూ మాట్లాడను.

యంత్రం చుట్లు తిరుగుతుంది.
శుభ్రమైన ఏటి చిప్పల గీత
ముప్ఫై ఒకటో చుట్టు దాకా పడుకునే ఉంది.
డెంజిల్ చిప్పలది ఇరవై ఆరుకే లేచి కూర్చుంది.
ఐదు చుట్లు. చుట్టు చుట్టుకీ రెట్టింపు.
వేళ్ల మీద కట్టి చూడండి.
లోహాన్ని పట్టి కట్టేసే ప్రోటీను
రాత్రింబగళ్లు డ్యూటీలో ఉంది అక్కడ.
వేడి తగిలితే లేచే జన్యువు కూడా లేచింది,
ఏ వేడీ లేని నీళ్లలో.

గ్రాఫు పట్టుకెళ్లి చూపించాను.
పడవ అంచున కూచుని తలకిందులుగా చూశాడు,
నేను తిప్పి ఇవ్వలేదు.
"బతికే ఉన్నాయిగా" అన్నాడు.
బతికే ఉన్నాయి.
బతకడానికి పూటకెంత పడుతోందో
ఆ చిట్టానే ఈ గీత.
పెరగాల్సిన కండ, పెట్టాల్సిన గుడ్డు,
చిప్ప లోపలి మెరుపు,
అన్నీ తాకట్టులో ఉన్నాయి.
పాయ మూసేస్తే ఇతని చేతికి చిప్పేనని
మా భాషలో మాట నాలుక దాకా వచ్చింది. మింగేశాను.

చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు.
తాడు కోసిన పాత గాట్లు, పచ్చబారిన బొటనగోరు.
"ఈ జన్యువు మనుషుల్లో ఉంటుందా?"
ఉంటుందన్నాను. పేరు కూడా అదే.
"అయితే మా లొవెనాది కూడా లేచి కూర్చుందేమో" అని
నవ్వబోయి, మానేశాడు.
లొవెనాకి ఆరేళ్లు. వేసవంతా ఈ బురదలోనే.
నా దగ్గర చిప్పల లెక్కే ఉంది.
పిల్లలకి వేరే ఫారం, వేరే ఆఫీసు, వేరే ఎవరో.

అతనికి చెప్పనిది ఒకటుంది.
ఆ మొదటి రాత్రి ల్యాబులో సంచి దులిపితే
ఇరవై ఒకటోది రాలింది.
దానికి నంబరు లేదు, గొట్టం లేదు.
ఉప్పునీళ్ల గిన్నెలో వేసి లైటు తీసేశాను.
కోటు తొడుక్కుంటుంటే
చీకట్లో టుక్కుమని చిన్న చప్పుడు.
తెరిచిందో, మూసుకుందో.
మళ్లీ లైటు వెయ్యలేదు.