నలభై తొమ్మిది

తల్సాలో పదకొండో వీధి, తాకట్టు కొట్టు.
నాలుగొందల డాలర్ల పిస్తోళ్ళంటే మా డెల్బర్ట్‌కి మక్కువ.
"ఖరీదైనవి గొప్పకి, చవకవి గొడవకి,
పనికొచ్చేవి నడిమి రకమే" అంటాడు.
పని నేర్పింది ఆయనే:
ముందు ఖాళీయో కాదో చూడు. మళ్ళీ చూడు.
స్లైడు లాగి చెవి ఒగ్గు,
కుండ కొనేవాడు వేలితో కొట్టి విన్నట్టు.
లొటలొటలాడితే పది తగ్గించు.
ట్రిగ్గర్ ఇసకలో నడిచినట్టుంటే ఇంకో ఇరవై.
గొట్టంలోకి దీపం వేసి
మెలికల గీతలు అరిగాయేమో చూడు.
పైపూతని మాత్రం నమ్మకు.

గురువారం వెర్నా కాల్డ్‌వెల్
వంటింటి తువ్వాల్లో చుట్టి తెచ్చింది.
స్లైడు బిగువు. ట్రిగ్గర్ వెన్న.
గొట్టం అద్దం.
రెండొందల అరవై అన్నాను, బేరానికి చోటుంచి.
సరే అంది.
సంచిలోంచి గుళ్ళ డబ్బా కూడా తీసి పెట్టింది,
యాభై పట్టేది.
లెక్కపెట్టడం నాకలవాటు.
నలభై తొమ్మిది.

ఒకటి సోఫా కిందికి దొర్లి ఉండొచ్చు.
కోళ్ళగూటి దగ్గర పాముకి అయ్యుండొచ్చు.
అడగలేదు. రసీదులో ఆ గడి లేదు.
ఆవిడ తువ్వాలు మడిచింది,
అంచుకి అంచు కలిపి,
విప్పి, మళ్ళీ మడిచింది.

కండిషన్ అన్నచోట
ఇలాంటివాటికి "దాదాపు కొత్తది" అని రాస్తాం.
రాశాను.

సాయంత్రం డెల్బర్ట్ గొట్టంలోకి చూసి ఈల వేశాడు.
"మంచి బేరం పట్టావు, భీమ్!"
మూడొందల నలభై చీటీ కట్టి
అద్దాల బీరువాలో ముందు వరసలో పెట్టాడు.

గుళ్ళ డబ్బా గురించి ఆయనకి చెప్పలేదు.
నా సొరుగులోనే ఉంది.
సొరుగు తెరిచినప్పుడల్లా
ఒక ఖాళీలో మిగతావన్నీ కదులుతాయి.