రాలిన పండ్లు, బుధవారం

నిన్నటి గాలికి రాలినవి, పదకొండు బాస్కోప్ పండ్లు.
ఎల్బె నది కట్ట దిగువ తోటలో
కూలీలు ఏరుకోగా వదిలేసినవి.
అడిగే తెచ్చుకున్నాను.
దెబ్బ తగిలినవాటికి వాళ్ల తూకంలో లెక్క లేదు.

సింకు పక్కన వరసగా పేరిస్తే
ఒక్కొక్కదానికీ ఒక గోధుమరంగు చెంప.
నేలకు ఎటువైపు తగిలిందో
ప్రతి పండూ దాచకుండా చెబుతోంది.
నేనైతే చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

చాకు చిన్నదే మంచిది.
కుళ్లు ఎంతో కోత అంతే, అంటుంది గేషె.
మచ్చ చూసి పండంతా పారేసేవాళ్లంటే ఆవిడకు ఒళ్లుమంట.
యుద్ధం ముగిసిన ఏడాది పుట్టిన మనిషి.

తొక్క తెగకుండా ఒకే చుట్టుగా వస్తే
భుజం మీదుగా వెనక్కి విసరాలట,
కట్టుకోబోయేవాడి మొదటి అక్షరం
నేల మీద కనిపిస్తుందట.
కోతల పనికొచ్చిన ఇరవై మూడో ఏట
గేషె వంటింట్లోనే విసిరాను.
పడింది, మెలికలు తిరిగి.
ఆవిడ కళ్లజోడు సర్దుకుని వంగి చూసి
"హెచ్! అచ్చంగా హెచ్!" అంది.
కొడుకు హెన్నింగ్ గుమ్మంలో నిలబడి నవ్వాడు.
అది ఎస్ అయినా అయ్యుండొచ్చు.
తొక్కకు చదువేం వచ్చు?

ఇప్పుడు తొక్కలు నేరుగా చెత్తబుట్టలోకే.

ముక్కలు గిన్నెలో వేసి, అడుగు తడిసేటన్ని నీళ్లు,
అర నిమ్మచెక్క, వేలెడు దాల్చినచెక్క,
ఉప్పు చిటికెడు కాదు, చిటికెడులో సగం.
మూత. సన్నటి సెగ.
మొదట ఏమీ జరగదు.
కిటికీలోంచి ఓడ వెళ్లడం చూస్తూ నిలబడతాను.
కట్ట అడ్డం కదా, నీళ్లు కనబడవు,
రంగురంగుల కంటెయినర్లు మాత్రం
గడ్డి మీద నడిచిపోతుంటాయి.
అంతలో మూత గొణగడం మొదలుపెడుతుంది.
బాస్కోప్ మొండిది, మొండిది, మొండిది,
ఉన్నట్టుండి మనసు మార్చుకుంటుంది.
గరిటె తగిలితే చాలు, అంచులు వదిలేసి నురగైపోతుంది.

హెన్నింగ్‌కి జల్లెడ పట్టాలి.
పంటికి ఏదీ తగలకూడదు, పంచదార రెండు గరిటెలు.
పద్దెనిమిదేళ్లు పట్టాను.
విడాకుల పంపకంలో ఆ జల్లెడ నాకే వచ్చింది.
మొలకల్ని పిచ్చుకలు తినకుండా
పూలకుండీ మీద బోర్లించి పదకొండేళ్లు.

గేషె కింది పళ్లు ఊడిపోయాయి.
కట్టుడు పళ్లు సొరుగులో, మేజోళ్ల మధ్య దాస్తుంది.
అక్కడి వృద్ధాశ్రమంలో పెట్టేది డబ్బా ముద్ద.
"జిగురు," అంటుంది, "గోడకు కాగితాలు అంటించుకోవచ్చు."

అందుకే బుధవారాలు.
వేడి సీసా తువ్వాలులో చుట్టి, ఏడు నలభై బస్సు.
గుమ్మం దగ్గర రిజిస్టరు. పేరు: వీబ్కె.
పక్కన బంధుత్వం అని ఒక గడి.
మొదటి ఏడాది ఖాళీగా వదిలేశాను.
ఒకసారి "పొరుగు" అని రాశాను, అబద్ధం.
పోయిన నెల నుంచి "ఆపిల్స్" అని రాస్తున్నాను.
ఎవరూ కాదనలేదు.

మొదటి చెంచా చాలాసేపు నోట్లోనే ఉంచుకుంటుంది.
చిగుళ్లతో వెతుకుతుంది,
నేను కావాలనే మెదపకుండా వదిలిన ముక్క కోసం.
దొరికితే కనుబొమ్మలు లేస్తాయి.

ఈ వారం నా మొహంలోకి చూసి
"నువ్వెవరి అమ్మాయివి?" అంది.
చెప్పబోయాను. ఆగమన్నట్టు చెంచా ఎత్తింది.
"పంచదార తక్కువేశావు. మంచిది, చెడగొట్టలేదు.
మా కోడలూ ఇలాగే చేస్తుంది."

"మంచిదేనా ఆవిడ?" అన్నాను.

సీసా అడుగు గీకుతూ ఆలోచించింది.
"చేతికి రుచి తెలుసు. మనిషి సంగతి అడక్కు.
తొక్క మాత్రం ఒక్కసారి కూడా
తెగకుండా తీయలేదు."

వచ్చే బుధవారానికి నాలుగు పండ్లు మిగిలాయి.
అప్పటికి మచ్చలు ఇంకాస్త పెరుగుతాయి.