గరిటోళ్లు

గుంతకల్లులో మా ఇంటిపేరు
ఎవరి నోటా సరిగ్గా తిరగలేదు.
గెరటీ అని రాసిన రేకు
తలుపు మీద తుప్పు పట్టకముందే
రైల్వే కాలనీ మమ్మల్ని గరిటోళ్లని చేసేసింది.
"గరిటె ఐలీనమ్మా, గిన్నె తే!" అని పాలాయన అరిస్తే
డాడీ గిన్నెతో పాటు
గరిటె కూడా పట్టుకుని పోయేవాడు, నవ్వుతా.

ఆయన పోయినాక ట్రంకుపెట్టె అడుగున,
లోకోషెడ్డు నూనె వాసన ఇంకా పోని ఖాకీ చొక్కా కింద,
ఒక ఇత్తడి బిళ్ల, ఒక సగం ఉత్తరం.
ఉత్తరం పోవాల్సిన ఊరు గ్లాస్గో.
పోస్టు చెయ్యనే లేదు.

అక్కడ పట్టుకుంది నాకు పిచ్చి.
ఏడాదిన్నర రాసినాను,
చర్చీలకు, ఓడల కంపెనీలకు,
పేరు కలిసిందని మొగం తెలియనోళ్లకు.
జవాబులు మా పాసింజరు బండి మాదిరి వచ్చినాయి,
ఆగి, ఆగి, క్రాసింగు కోసం ఇంకా ఆగి.

ఐర్లండులో ఏదో గుట్ట కింద
చేనంతా ఒక్క రాత్రిలో నల్లబడి
ఉర్లగడ్డ మట్టిలోనే కుళ్లిపోయిన ఏడు
మార్టిన్ అనే పిల్లోడు
పశువుల ఓడలో, దూడల నడుమ నిలబడి
స్కాట్లండు చేరినాడంట.
రేవులో గుమాస్తా చెవికి పేరు ఇంకోలా వినబడి
గారిటీ అని రాసుకున్నాడు.
ఒకటే గది, తొమ్మిది మంది. చెమ్మ గోడ. బొగ్గు దగ్గు.
అక్కడే పుట్టిన పీటర్
కొలిమి దగ్గర చేతులు కాల్చుకుని పని నేర్చి
ఇంకో ఓడెక్కి
సరిగ్గా ధాత కరువులో మన సీమలో దిగినాడు.

సగం ఉత్తరంలో వాడు రాసింది ఇంతే:
"నాయనా, ఇక్కడ కూడా వరస కట్టినారు.
నువ్వు చెప్పిన వరసే. ఆ గంజే.
మొన్న ఒక ముసలామె నా బూట్లు ముట్టుకుని"
ఆపైన కాగితం లేదు.

ఏడు సముద్రాల అవతల
ఆ ఓడలో దూడలెన్నో కూడా రాసిపెట్టినారు:
నూట పద్నాలుగు.
సంబరంగా మా చర్చి రిజిస్టరు తెరిచినాను.
చెదలు వదిలిన పుటలో పీటర్ పెండ్లి.
పెండ్లికొడుక్కు తండ్రి పేరుంది, పుట్టిన వీధి ఉంది,
ఇంటి నంబరు సైతం ఉంది.
పెండ్లికూతురు: మేరీ. ఈ దేశపు స్త్రీ.

పుట తిప్పినాను. వెనక్కి తిప్పినాను.
ఫాదర్ చిన్నరాయప్ప కళ్లద్దాలు తుడుచుకుంటా
"తలమీద నీళ్లు పోసినాక
పాత పేరు రాయరమ్మా" అన్నాడు.
దూడలకు లెక్క ఉంది కదా ఫాదర్, అన్నాను.
ఆయన కిటికీ వేయడానికి లేచినాడు.

మా గ్రానీకి ఒక అలవాటుండేది.
తొలకరి పడిన తెల్లారే
గౌను మోకాళ్ల పైకి దోపుకుని
వజ్రకరూరు చేలల్లోకి రాళ్లు వెదకడానికి పోయేది,
నన్ను చేయి పట్టుకుని.
దొరికింది ఏనాడూ గాజుపెంకే.
కానీ ఒక గట్టు దగ్గర మాత్రం నిలబడి
చెప్పులు విడిచి, చేత పట్టుకుని, దాటేది.
ఏమిటికి గ్రానీ?
"మా గ్రానీ విడిచేది."

ఈ ఏడు వాన పడంగానే మొదటి బస్సెక్కినాను.
చేలనిండా వంగిన నడుములు,
గుడారాలు, టీ బండి, రేడియో.
నేను రాళ్లు చూడలేదు.
గట్టు కోసమే నడిచినాను, చాలాసేపు,
అదో కాదో తెలియని గట్లెన్నో దాటుకుంటా.
ఒకచోట కాళ్లే ఆగినాయి. చెప్పులు విడిచినాను.
వేళ్ల సందుల్లోకి చల్లగా ఎర్రమట్టి.

వెనకనుంచి గొర్రెలాయన:
"యా ఊరమ్మా మీది? ఎవరోళ్లు?"
సంచిలో గ్లాస్గో ఉత్తరాలు బరువుగా ఉన్నాయి.
గరిటోళ్లం, అన్నాను.
"ఓహో" అన్నాడు, ఏమీ అర్థం కాకున్నా.
గొర్రెల్ని అదిలించి, గట్టు దాకా వచ్చి
వంగి
తన చెప్పులు కూడా విడిచి
చేత పట్టుకున్నాడు.