సప్పుడు

ట్రూప్ బజార్‌లో మూడో అంతస్తు. లిఫ్టు లేదు.
టైల్స్ డబ్బాల సందులోంచి మెట్లు.
వనజ చేతి సంచిలో ఇంట్లోకల్లా పెద్ద గిన్నె,
బోనాల నాడు ఇరవై మందికి బగారన్నం వండేది.
"సింకు కొనేది గిన్నె కోసం గదా,
గిన్నెను అడగకుంటే ఎట్ల?" అంది ఇంటి దగ్గరే.

గోడకు వరసగా నిలబెట్టిన సింకులు
ఒక్క మెతుకు కూడా ఎరగని ముఖాలు.
దుకాణం కుర్రాడు హర్షిల్
మూడు భాషలు కలిపి చూపించాడు:
సబ్బు నొక్కే గొట్టం, కూరగాయల జల్లెడ,
అటూ ఇటూ జరిగే చెక్క,
గ్లాసు బోర్లించి నొక్కితే కింది నుంచి చిమ్మే నీళ్లు,
కత్తులకు ఐదు బొరియలు.
"మా ఇంట్ల కత్తి ఒక్కటే," అంది వనజ,
"మిగతా నాలుగిట్ల బొద్దింకలుంటయి."

నేను ఫోనులో లెక్క కొడుతున్నాను.
ముప్పైరెండు వేలు, గ్రానైటు కోత వేరే.

మొదటి సింకులో గిన్నె అంచు తట్టుకుంది.
రెండోదాంట్లో దిగింది గానీ తిరగలేదు.
తిరగని గిన్నెను తోమేదెట్లా?
మూడోదాంట్లో చుట్టూ నాలుగు వేళ్ల సందు.
కొంగు దోపి, నీళ్లు లేని సింకులో
లేని పీచుతో గిన్నె మొత్తం తోమింది.
కమోడ్లు చూస్తున్న వాళ్లు ఇటు తిరిగారు.

అప్పుడు కుర్రాడు గర్వంగా సింకును బోర్లించాడు.
అడుగున నల్లటి రబ్బరు బిళ్లలు.
"సైలెంట్, మేడం. చెంచా పడినా వినబడదు."
పడేసి చూపించాడు కూడా.
పరుపు మీద పడ్డట్టు పడింది చెంచా.

వనజ ముఖం మారింది.
"సప్పుడు చేసేది లేదా?"
కుర్రాడి మూడు భాషల్లోనూ జవాబు లేదు.
నా వైపు చూశాడు.
"సప్పుడు రాకుంటే
నాకు కోపమొచ్చిందని ఈయనకెట్ల తెలుస్తది?"

నవ్వాను. మెట్లు దిగేదాకా నవ్వాను.
స్కూటరు మీద గిన్నె మా ఇద్దరి మధ్య కూర్చుంది.
చాదర్‌ఘాట్ వంతెన మీద బండ్లు ఆగిపోయాయి,
నా నవ్వు కూడా.

మూకుడు ఒక్కటే దబ్బున పడితే
మా అక్క ఫోను చేసినట్టు.
గ్లాసులు ఒకదాంట్లో ఒకటి టకటకమంటే
ఈ నెల కూడా జీతం లేటని తెలిసినట్టు.
కుక్కరు మూత గిరగిరా తిరిగి తిరిగి ఆగితే
అది నా గురించి కాదు, ఎండ గురించి.
ఇంత తెలుసు నాకు. ఎప్పుడు నేర్చుకున్నానో తెలీదు.

ఘట్‌కేసర్ దగ్గర ఆమె పేరున ఉన్న నూటయాభై గజాలు,
ఎందుకో చెప్పకుండా సంతకం పెట్టించి అమ్మిన ఏడు,
పదకొండు రోజులు
వంటింట్లో గిన్నె గిన్నెకు తగల్లేదు.
ఆ పదకొండు రోజులూ
ఇల్లు ప్రశాంతంగా ఉందనుకున్నాను.

వెనక హారన్లు. గిన్నె నా వీపుకు చల్లగా తగులుతోంది.
"పోనీ," అంది వనజ. బండినే అనుకుంటాను.

ఖాజా వచ్చి పాత సింకు ఊడదీశాడు.
అడుగున నాలుగు సొట్టలు.
"మూడొందలొస్తయి సాబ్, పాత ఇనుము కింద."
వేలుతో తడిమి చూశాను.
ఒకటి ఎప్పటిదో నాకు తెలుసు.
మిగతా మూడూ అడగలేదు.

కొత్తది పల్చటి రేకు. పదివేల అయిదొందలు.
బొరియల్లేవు, ఫౌంటెన్ లేదు.
జల్లెడ ఒక్కటి తీసుకుంది, బియ్యం కడగడానికట.

మొదటి రాత్రి నేను తోముతానన్నాను.
సరేనంది, నమ్మకుండా.
నీళ్ల ధార రేకు మీద వాన పడ్డట్టుంది.
పళ్లేలైపోయాయి. మూకుడు మిగిలింది.
సబ్బు చేతిలోంచి జారి
ఇల్లంతా మోగింది.

హాల్లో టీవీ గొంతు తగ్గింది.
ఏమైందని అడగలేదు వనజ.
వింటోంది.