గమ్ అయిపోయింది

యార్క్‌లో మార్చి. చర్చి నేలమాళిగలో
బిస్కెట్ డబ్బా తెరిచాను, గుండీలు ఉంటాయనుకుని.
ముక్కులున్నాయి.
పదకొండు. రబ్బరువి. పల్చటి కాగితంలో చుట్టి,
ఒక్కోదాని లోపల పెన్సిల్‌తో వేషం పేరు:
ప్రధాన యాజకుడు. రెండో యాజకుడు. వడ్డీవాడు.
ఒకదాంట్లో ఊరికే, గుంపు.

ఓల్డ్‌రాయ్డ్ గారు దర్శకుడు. రిటైరైన భూగోళం మాస్టారు,
చీమకి కూడా దారిచ్చే మనిషి.
"మా తాతల నాటివి," అన్నాడు
వెండి చెంచాల గురించి చెప్పినట్టు.
"వెనక వరసకి మొహాలు కనబడవు కదా,
ఎవరు చెడ్డవాళ్ళో తెలియాలిగా."

నేను దుస్తుల మనిషిని. అడగడం నా పని కాదు.
అయినా సూదికి దారం ఎక్కిస్తూ లెక్క వేశాను:
యేసుకి ముక్కు లేదు. వాళ్ళమ్మకి లేదు.
పేతురుకి లేదు, యోహానుకి లేదు.
అందరిదీ ఒకే జనం, ఒకే పండగ, ఒకే రొట్టె.
రబ్బరు మాత్రం అటువైపు వాళ్ళకే.

ఒంగోల్లో గుడ్ ఫ్రైడే నాటకానికి
మా నాన్న ఇరవై రెండేళ్ళు ఇస్కరియోతు యూదా.
యేసు వేషం పోస్టుమాస్టరు గారబ్బాయిది, ఎర్రగా ఉంటాడని.
"నాకు రంగు ఖర్చు లేదమ్మా," అని నవ్వేవాడు నాన్న.
నవ్వి, ముప్పై బిళ్ళల సంచీ మొలకి కట్టుకునేవాడు.

సండే స్కూల్లో నాకెప్పుడూ తికమకే.
అమ్మేసినవాడి పేరు యూదా.
ప్రభువు పుట్టిన గోత్రం పేరూ యూదా.
అడిగితే టీచరమ్మ "అది వేరు, ఇది వేరు" అంది.
ఎలా వేరో చెప్పలేదు.

మార్కెట్లో జిప్పులు బాగుచేసే హెటీ లాస్కర్
యాజకుడి అంగీకి హుక్కులు తెచ్చింది.
బల్లమీద చూసింది.
కళ్ళజోడు పైకి నెట్టి, తీసి పెట్టుకుంది.
"మా నాన్నది ఇంతకంటే చిన్నది," అంది.
నా వైపు తిరిగి, "నిజానికి నీదే దీనికి దగ్గరగా ఉంది."
ఇద్దరం నవ్వాం.
ఆవిడ ముందు ఆపింది.
"ఏటా ఈ వారం మా అమ్మ
నాలుగింటికే కొట్టు మూసేది, పండగ అని చెప్పి.
పండగ మాది కాదు."
రసీదు రాసిచ్చి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం బస్సు కోటదిబ్బ పక్కనుంచి వెళ్ళింది.
వాలు నిండా డాఫడిల్ పూలు.
ఎనిమిది వందల ఏళ్ళకి పైమాట,
ఇలాంటి మార్చిలోనే, ఆ దిబ్బమీది కొయ్య బురుజులో
ఈ ఊరి యూదులు తలదాచుకున్నారు.
కింద గుంపు.
వాళ్ళకి ఎవరూ ముక్కులు చూపించనక్కర్లేకపోయింది,
ఇరుగుపొరుగే, పేర్లు తెలుసు.
తెల్లారాక దిగివచ్చినవాళ్ళు కూడా మిగల్లేదు.
బస్సులో ఎవరూ తల తిప్పలేదు.
ఆరేళ్ళుగా నేనూ తిప్పలేదు.

ప్రదర్శన రోజు గమ్ అయిపోయిందన్నాను.
కొత్త సీసా నా సంచీలో, మూత తీయకుండా.
ప్రధాన యాజకుడు, కుళాయిలు బాగుచేసే క్లైవ్,
తన చప్పిడి ముక్కుతోనే వేదికెక్కాడు.
ఎవరూ గమనించలేదు. ఓల్డ్‌రాయ్డ్ గారొక్కరే
వాచీ చూసుకున్నట్టు నన్ను చూశాడు.

అరవాల్సిన చోట గుంపు అరిచింది
రక్తం గురించీ పిల్లల గురించీ ఉన్న ఆ వాక్యం.
అందరికంటే గట్టిగా ముందు వరసలో ఒక తొమ్మిదేళ్ళ పిల్లాడు,
గట్టిగా అరవమన్నారని.
వాళ్ళమ్మ ఫోనెత్తి వీడియో తీస్తోంది, మురిసిపోతూ.
ముక్కు దాచగలిగాను. వాక్యం కాదు.

డబ్బా ఇంటికి తెచ్చాను. ఎవరూ అడగలేదు.
ఒకటి గుండుసూదుల దిండుకి పనికొస్తుందనిపించింది,
మెత్తగా, చేతికి సరిపడా.
సూది తీశాను.
తిప్పి చూస్తే లోపల పెన్సిల్ రాత: గుంపు.
నా ముక్కు తడుముకున్నాను.
ఎక్కడ గుచ్చాలో తెలియక
సూది ఇంకా వేళ్ళ మధ్యే ఉంది.