ఎన్ని బర్నర్లు?

సముద్రం ఎంత దూరమని అడగలేదావిడ ఫోనులో.
కిటికీ తెరిస్తే ఏం కనిపిస్తుందనీ అడగలేదు.
"పొయ్యికి ఎన్ని బర్నర్లు?" అంది.
రెండన్నాను.
అవతల కాగితం మీద పెన్ను గీరిన చప్పుడు.
"నలుగురికి సరిపోయే గిన్నె ఉందా?
ఫ్రీజర్‌లో చోటెంత?"

మా ద్వీపంలో, మా ఇంట్లో, అద్దెకి రెండు వాటాలు.
పైది ఒంటి గది, రోజుకి యాభై అయిదు యూరోలు.
కిందిది రెండు గదులూ వంటిల్లూ, తొంభై.
డబ్బుకి ఇబ్బందిపడేవాళ్లు పైదే అడుగుతారనుకునేదాన్ని
మొదట్లో.
ఇరవై రెండేళ్లుగా చూస్తున్నా,
పిల్లలున్నవాళ్లు కిందిదే అడుగుతారు.
చేతిలో చిల్లర తక్కువైనకొద్దీ
మరీ గట్టిగా అడుగుతారు.

జ్దెంకా, రాదిమ్, ఇద్దరు పిల్లలు.
ఓస్త్రావా నుంచి పద్నాలుగు గంటల కారు, ఆపైన పడవ.
బట్టలు ఒక్క సంచిలో సర్దుకున్నారు.
డిక్కీ నిండా వంటసరుకే:
నేతిలో ముంచి సీసాలకెక్కించిన మాంసం,
పిండి, సోపులాంటి ఏవో గింజలు,
అరబస్తా బంగాళాదుంపలు.
"దుంపలు మా దగ్గరా పండుతాయమ్మా," అన్నాను.
"తెలుసు. కిలో ఎంతో కూడా తెలుసు," అంది.
వెనక సీట్లోంచి దిగుతూ పెద్దపిల్ల నవ్వింది,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

రేవు దగ్గర మా తమ్ముడు ఫ్రానె హోటలు.
ఆరు బల్లలు, బొగ్గుల మీద చేపలు.
నా కిటికీలోంచి ఉల్లిపాయల వేపుడు వాసన
తిన్నగా వాడి ఖాళీ బల్లల మీదికే దిగుతుంది.
"నీ పొయ్యి నా పొట్ట కొడుతోంది, విన్కా!"
వేసవి వేసవికీ అదే మాట.
నిజమే, నేనేం కాదనను.
వాడు అరిచినప్పుడు మాత్రం
తలుపు దగ్గరగా వేస్తాను.

రాదిమ్ పిల్లలకి ఈత నేర్పాడు, నల్లగా కమిలిపోయాడు.
జ్దెంకా పొద్దున రొట్టెల దగ్గర,
మధ్యాహ్నం గిన్నెల దగ్గర.
సాయంత్రం ఏడు దాటాక ఒకసారి చూశాను,
మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి
చేతులు కడుక్కుని, వాసన చూసుకుని,
మళ్లీ కడుక్కుంటోంది.

ఆఖరి రాత్రి మాత్రం ఫ్రానె దగ్గరికి వెళ్లారు.
ఒక పళ్లెం స్క్విడ్ వేపుడు, నాలుగు ఫోర్కులు.
పళ్లెం మామూలు కన్నా ఎత్తుగా ఉంది.
అడిగితే వాడు ఒప్పుకోడు.

వాళ్లు వెళ్లాక సొరుగు దులుపుతుంటే
అడుగున పరిచిన కాగితం కింద ఇంకో కాగితం.
చెక్ మాటలు నాకు సగమే తెలుసు,
అంకెలకి భాషతో పనేముంది!
గదికి అదనం ముప్పై అయిదు, పది రోజులు.
హోటలు పూటలు ఒక పక్కన, కొట్టివేతలు,
ఐస్‌క్రీము రెండుసార్లు రాసి ఒకసారి కొట్టేసింది.
చివర మూడు వందల తొంభై, చుట్టూ సున్నా.
దాని పక్కన చిన్న బొమ్మ:
వరసగా పళ్లు,
పళ్ల మీదుగా ఒక తీగ.

ఎంత వెతికినా
ఏడు తరవాత మోకాళ్ల లోతు నీళ్లు
ఆ లెక్కలో ఏ వరసలోనూ లేవు.
గింజల పొట్లం మాత్రం వదిలేసి వెళ్లింది.
శీతాకాలమంతా క్యాబేజీలో వేసుకున్నాను.

జనవరిలో నా కంటికి ఆపరేషను.
జాగ్రెబ్‌లో పదకొండు రోజులు,
తోడు ఫ్రానె.
గది కోసం ఫోను చేస్తే
ఎవరో కుర్రది, గొంతు తియ్యగా ఉంది,
గుమ్మంలోనే ట్రామ్ అంది,
కిటికీలోంచి చర్చి శిఖరాలు అంది,
కిందనే మంచి హోటలుందండీ అంది.

"అవన్నీ సరేనమ్మా,
పొయ్యికి ఎన్ని బర్నర్లు?"

అన్నాక గానీ వినపడలేదు నాకు నా గొంతు.
పక్కనే ఉన్నాడు ఫ్రానె.
ఏమీ అనలేదు.
జేబు తడుముకుని
పెన్ను తీసి నా చేతికిచ్చాడు.