అయ్వా అవ్వ

ఫహాహీల్‌లో మాది తొమ్మిదో అంతస్తు.
తలుపు ఓరగా తీసిపెడితే చాలు,
కారిడార్‌లో పిల్లలంతా నా పిల్లలే.

కూతురు ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకునేది.
అమ్మ లేస్తుంది, గట్టిగా తుమ్మొద్దురా అని
మనవడికి ఒక్కసారే చెప్పినా.
తుమ్ము రాబోతే ముక్కు పట్టుకుని
మెట్ల దాకా పరిగెత్తేవాడు,
అక్కడ తుమ్మి
ఆఫీసు పని ముగించుకున్న పెద్దమనిషిలా
నింపాదిగా నడిచొచ్చేవాడు.

ఎదురింటి ఈజిప్టోళ్ల యాసీన్‌కి నాలుగేండ్లు.
మావాడు "అవ్వా" అని పిలిస్తే
వాడి చెవికది "అయ్వా".
అయ్వా అంటే వాళ్ల మాటలో ఔను.
ఈ ముసలామె పేరే ఔను అనుకున్నాడు పిల్లోడు.
ఏం కావాలన్నా ముందు పేరు పెట్టి పిలిచేవాడు,
అడగకముందే నేను ఒప్పుకున్నట్టు.
అట్లనే నా బెల్లం డబ్బా ఖాళీ అయింది.
అట్లనే నా కొంగు చేపల వల అయింది,
ఒక మధ్యాన్నం గుడారమయింది.
గుడారం ముందర నేను ఒంటెనంట.
ఒంటె మాట్లాడకూడదంట. నమలాలంట.
నోట్లో ఖర్జూరం ఉండబట్టి సరిపోయింది.
"ఎంత బాగా చేస్తోందో చూడండి" అని
పక్కింటి టిన్సీ మలయాళంలో మెచ్చుకునింది.
మెచ్చుకోలు ఏ భాషలో ఉన్నా తెలుస్తుంది లే.

మనవడికి ముందు పన్ను ఊడింది.
మా చిట్వేలి పక్క ఏం చేస్తారో
నోరూరుకోక చెప్పినా:
పేడలో చుట్టి కొట్టం మీదికి విసరాల,
అప్పుడే కొత్తది చక్కగా మొలుస్తుంది.
చెప్పినాక నాలుక కరుచుకున్నా.
ఈ ఊర్లో పేడ యాడిది?
వాడు వదల్లేదు.
పన్ను అగ్గిపెట్టెలో, అగ్గిపెట్టె దిండు కింద,
నాలుగు రాత్రులు.

శుక్రవారం అల్లుడు కారు తీసినాడు.
వఫ్రా దారిలో ఒంటెల మంద.
నలభై ఏండ్ల ఫోర్‌మన్,
చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని
ఇసుకలో వంగి వెతుకుతుంటే
మంద కాసే సూడాన్ మనిషి వచ్చి
ఏం పోయిందని అడిగినాడు.
అల్లుడు తన పన్ను చూపించినాడు,
కొడుకు బోసి చిగురు చూపించినాడు,
ఆఖర్న ఒంటె వెనకభాగం చూపించినాడు.
ఏం అర్థమయిందో ఏమో, ఆ మనిషి నవ్వలేదు.
మంచివి ఏరి, బిస్కెట్ పొట్లంలో చుట్టి
రెండు చేతులతో ఇచ్చినాడు.

మిద్దె మీదికి లిఫ్టులో పోయినాం, పెండ్లివారి మాదిరి.
పైన కొట్టమూ లేదు, పెంకులూ లేవు,
డిష్ గొడుగులు, ఏసీ పెట్టెల రొద.
నీళ్ల ట్యాంకు మీదికి విసిరినాడు. టక్కుమనింది.
అందరం చప్పట్లు.
అప్పుడు మొదలుపెట్టినాడు యాసీన్.
వాడికీ ఒకటి ఊడాలంట, ఇప్పుడే.
ఒక్కటీ కదలదు.
"అయ్వా!" అని నోరు తెరిచి
నా వేలు పట్టుకుని లోపల పెట్టినాడు, పీకమని.
కాదన్నా.
వాడు ఏడుపు ఆపి నన్నే చూసినాడు.
ఔను కాదనడం
వాడు పుట్టినాక అదే మొదటిసారి.

ఆ సాయంత్రమే దుమ్ము లేచింది.
ఆకాశం పసుపు దంచిన రోలు.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కి కూర్చున్నాం.
వాళ్లమ్మ ఎక్కడో దారిలో ఇరుక్కుంది.
వాడు నా ఒళ్లోకి దూరి, బయటికి చూపించి
గుసగుసగా ఏదో అడిగినాడు.
అమ్మ వస్తుందా అన్నాడో,
సూర్యుడు మళ్లీ పుడతాడా అన్నాడో.
నాకొచ్చిన అరబ్బీ అంతా కలిపి ఒక్క మాట.
"అయ్వా" అన్నా.
"అయ్వా" అన్నాడు, నిద్రపోయినాడు.
నన్ను పిలిచినాడో, నమ్మినాడో.

పన్ను వంకరగానే మొలిచింది.
ఒంటె పేడ కదా అంటాడు మనవడు ఇప్పటికీ,
కొత్త మీసం అద్దంలో చూసుకుంటా.
యాసీన్ వాళ్లు ఇస్మాయిలియా పోయి ఏడేండ్లు.
కారిడార్‌లో ఎవరో ఫోన్‌లో
"అయ్వా, అయ్వా" అంటా పోతుంటారు.
"ఏందిరా?" అంటా నేను వంటింట్లోంచి,
పిండి చెయ్యి తుడుచుకుంటా
తలుపు దాకా పోయేస్తా.